పడవకు పెట్టిన బొట్టు

మా కొట్లో గల్లాపెట్టె వెనక గోడకి ఒక ఇంగ్లీషు పడవ బొమ్మ ఉండేది. అచ్చువేసిన క్యాలెండరు బొమ్మ కాదు, గుడ్డ మీద నూనె రంగులతో చేత్తో వేసినది. చుట్టూ బంగారు పూత పూసిన చట్రం. ఆ పూత సగం రాలిపోయి లోపలి తెలుపు కనపడుతూ ఉండేది. బొమ్మలో ఒక పెద్ద నది, నదిలో నిండా సరుకు ఎత్తుకున్న చదునైన పడవ, దానికి ముదురు గోధుమరంగు తెరచాప, వెనక చుక్కాని దగ్గర టోపీ పెట్టుకున్న ఒక మనిషి. పడవ ముక్కు మీద కుంకుమ బొట్టు. వేలితో తడిమితే తగిలేంత మందంగా ఉండేది. అది మా అమ్మ పెట్టిన బొట్టు. ఒకరోజు పెట్టింది కాదు. ఏటా దసరాకి పాతదాని మీదే కొత్తది పెడుతూ, నలభై ఏళ్ళకు పైగా పెట్టింది.

మాది రామచంద్రపురం. బియ్యం, పప్పులు, నూనెలు టోకున అమ్మే కొట్టు. తాతగారి రోజుల్లో మాకు కాలవ మీద సొంత పడవలుండేవట. బియ్యం కాకినాడ తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు ఉప్పూ కిరసనాయిలూ తెచ్చేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు తాడు భుజానికేసుకుని గట్టు మీద నడుస్తూ లాగేవారు. ధవళేశ్వరంలో ఎవరో ఇంగ్లీషు ఇంజనీరు వదిలివెళ్ళిన బంగళాలో పాత సామాను వేలం వేస్తే, తాతగారు బీరువా కోసం వెళ్ళి, బీరువాతో పాటు ఈ బొమ్మనీ తెచ్చారు. బీరువా కొంటే బొమ్మ ఊరికే వచ్చిందని నాయనమ్మ అనేది. కాదు, బొమ్మ కోసమే బీరువా కొన్నానని తాతగారు అనేవారట. ఆ బీరువాని చెదపురుగులు ఎప్పుడో తినేశాయి.

దసరాకి కొట్లో కాటాకీ, తూకపు రాళ్ళకీ, గల్లాపెట్టెకీ, తాళాలకీ పసుపు కుంకుమలు పెట్టడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. పడవలున్నప్పుడు నాయనమ్మ ఆ పళ్ళెం పట్టుకుని రేవుకి వెళ్ళి, పడవల ముక్కులకి కూడా బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వచ్చేది. ఓడలు బళ్ళవుతాయంటారు గదా, మా ఇంట్లో ఆ మాట ఉన్నదున్నట్టు జరిగింది. లారీలొచ్చాయి. పడవలు ఒక్కొక్కటీ అమ్ముడుపోయాయి. చివరిదాన్ని పడవగా కొనేవాడు దొరక్క చెక్క కింద అమ్మేశారు. ఆ ఏడు దసరాకి నాయనమ్మ పళ్ళెం పట్టుకుని అలవాటు కొద్దీ గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడిపోయిందట. రేవులో ఏముందని వెళ్తుంది? వెనక్కి వచ్చి, గోడ మీది ఇంగ్లీషు పడవకి బొట్టు పెట్టిందట. తాతగారు చూసి, కొబ్బరికాయ అక్కడే కొట్టారట.

తాతగారు పోయాక నాయనమ్మ ఆ పళ్ళెం మా అమ్మ చేతికి ఇచ్చేసింది. కొట్లో వస్తువులకి ముత్తైదువు చెయ్యే తగలాలి గదా. కొత్తగా వచ్చిన కోడలు, ఇంకా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియని పిల్ల, ఒక్కసారిగా పడవకి బాధ్యురాలైంది. కాటాకి ఒకలాగా, రాళ్ళకి ఒకలాగా గబగబా పెట్టుకుంటూ పోయి, పడవ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మ ఆగేది. బల్ల మీదికి ఎక్కేది. ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, చిటికెన వేలు గుడ్డకి తగలకుండా ఎత్తిపట్టి, పాత బొట్టు సరిగ్గా ఎక్కడుందో అక్కడే అద్దేది. తరవాత వేలు చీర కొంగుకి తుడుచుకునేది. అమ్మ దసరా చీరలన్నిటికీ కొంగు చివర ఒక ఎర్రమచ్చ ఉండేది, ఉతికితే పోయేది కాదు.

మా నాన్నకి ఇదంతా వేళాకోళం. ఇంట్లో మొగుడికి కాఫీ దిక్కులేదు గానీ దొరగారి పడవకి మాత్రం హారతులు అనేవారు. అలా అంటూనే అమ్మ ఎక్కిన బల్ల కదలకుండా రెండు చేతులతోనూ పట్టుకునేవారు. దిగేటప్పుడు అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి దిగేది. నలుగురిలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడం నేను చూసింది ఏడాదికి ఆ ఒక్కసారే.

బొమ్మని బాగా చూసుకోవాలన్న తాపత్రయం మా అమ్మది. అందుకని దసరా ముందురోజు మెత్తటి గుడ్డ కొబ్బరినూనెలో ముంచి, పడవనీ, నదినీ, ఆకాశాన్నీ తుడిచేది. ఆ రోజుకి అద్దంలా మెరిసేది. మర్నాటి నుంచి ఆ నూనెకి తవుడు ధూళి అంటేది, మిరపకాయల ఘాటు అంటేది, పొద్దున్నా సాయంత్రమూ సాంబ్రాణి పొగ అంటేది. ఏడాదికేడాది బొమ్మ నల్లబడుతూ వచ్చింది. నా చిన్నప్పుడు చుక్కాని మనిషి మొహం కాస్త తెలిసేది. నాకు పెళ్ళయ్యే నాటికి టోపీ మిగిలింది. మా తమ్ముడికి పెళ్ళయ్యే నాటికి టోపీ ఎక్కడుందో మేము వేలితో చూపిస్తే తప్ప కొత్తవాళ్ళకి తెలిసేది కాదు. బొట్టు మాత్రం ఏ ఏటికాయేడు కొత్తగా ఉండేది.

నీళ్ళ రంగు చూసి అది గోదారే అని నాన్న వాదన. ఆ ఎరుపు వరద గోదారికి తప్ప లోకంలో ఏ నదికీ లేదనేవారు. పడవలో ఉన్నవి బియ్యం బస్తాలని ఆయనకి ఏ సందేహమూ లేదు. కొట్టుకి వచ్చిన రైతు ఎవరైనా, బస్తాలయితే మూటలు కనపడాలి కదండీ అని అనుమానం వెలిబుచ్చితే, పైన టార్పాలిన్ కప్పారు చూడండి అనేవారు. నీళ్ళు అంచుదాకా వచ్చాయా లేదా, నిండు పడవా కాదా, అది చూసుకోండి, కొట్లో ఖాళీ పడవ బొమ్మ ఎవడు పెట్టుకుంటాడు అనేవారు. రైతు నవ్వి ఊరుకునేవాడు.

నాన్న రెండేళ్ళ క్రితం పోయారు. గుండె. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నేనప్పుడు ధవళేశ్వరంలో ఆఫీసులో ఉన్నాను. ఇరిగేషన్‌లో గుమాస్తా ఉద్యోగం నాది, రాజమండ్రి నుంచి రోజూ తిరుగుతాను. కబురు తెలిసి వెళ్ళేసరికి ఆయన్ని ఇంటికి తెచ్చేశారు. మొహం మామూలుగానే ఉంది, ఎవరితోనో బేరం మధ్యలో ఆగినట్టు. అమ్మ ఆయన పాదాల దగ్గర కూర్చుని ఉంది, నుదుటిన బొట్టుతోనే ఉంది.

పదోరోజున ఆ బొట్టు తీశారు. నేను వద్దన్నాను. నాకు నోరు ఎక్కువని మా చుట్టాలందరికీ తెలుసు, ఆవేళ ఇంకొంచెం ఎక్కువే వాడాను. ఈ రోజుల్లో ఎవరండీ ఇవన్నీ చేస్తున్నారని మా మేనత్తని నిలదీశాను. ఆవిడ కూడా అవన్నీ అనుభవించిన మనిషే. ఇది మా సరదా కాదమ్మా అని ఆవిడ ఏడ్చింది. నేను ఆవిడతో దెబ్బలాడుతుంటే అమ్మే నన్ను పక్కకి జరగమని చేత్తో సైగ చేసింది. తరవాత నేను చిన్న నల్ల బొట్టు స్టిక్కర్ల అట్ట తెచ్చి ఇచ్చాను. పెట్టుకుంటాలే అని తీసుకుంది. ఆ స్టిక్కర్ల అట్ట ఇప్పటికీ అద్దం వెనకే ఉంది, ఒక్కటీ తీయలేదు.

సంవత్సరీకం అయ్యేదాకా మా ఇంట్లో పండగలు లేవు. ఆ దసరాకి కొట్లో కాటాకీ బొట్టు లేదు, పడవకీ లేదు. మా అమ్మ సాయంత్రాలు కొట్లోకి వచ్చి, నాన్న కూర్చునే కుర్చీలో కాకుండా పక్కన పప్పుల బస్తా మీద కూర్చుని ఆ బొమ్మకేసి చూసేది. ఏం చూస్తున్నావమ్మా అని ఒకసారి అడిగాను. బొట్టు ఎండిపోయింది గానీ రాలలేదు, ఎన్ని దసరాలవో అంది. ఇక ఆ ముక్కు మీద తన చెయ్యి పడదని అమ్మకి తెలుసు. వచ్చే ఏటి నుంచి కోడలు పెడుతుంది. కానీ కోడలు పెట్టే బొట్టు అడుగున తనది ఉంటుంది. అమ్మ ఈ మాట నోటితో అనలేదు. అనకపోయినా నాకు అర్థమైంది, నాకు అర్థమైందని ఆవిడకీ తెలుసు.

సంవత్సరీకం దగ్గరపడుతుండగా మా తమ్ముడు కొట్టు బాగుచేయించడం మొదలుపెట్టాడు. నేల మీద టైల్సు, పైన ఏసీ, గాజు తలుపు. వాడు చెడ్డవాడు కాదు, పైగా నాన్నంటే ప్రాణం పెట్టేవాడు. పోవడానికి కొన్నాళ్ళ ముందు నాన్న, బొమ్మలో దొర మొహం మళ్ళీ ఒకసారి చూడాలని ఉందిరా అని నవ్వుతూ అన్నారట. ఆ మాట వాడి మనసులో ఉండిపోయింది. విశాఖపట్నంలో పాత చిత్రాలు శుభ్రం చేసే ఒకావిడ ఉందని కనుక్కుని, బొమ్మని దుప్పట్లో చుట్టి కారులో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. అమ్మని అడిగే తీసుకెళ్ళాడు. అమ్మ, నీ ఇష్టం నాయనా అంది. మా అమ్మ నా పెళ్ళప్పుడు కూడా ఆ మాటే అంది, ఇల్లు తాకట్టు పెట్టినప్పుడూ అదే అంది. ఆ మాటకి అర్థం చూసుకోవలసింది విన్నవాళ్ళే.

కొన్నాళ్ళకి విశాఖపట్నం ఆవిడ ఫోన్ చేసింది. పని ఒకచోట ఆగింది, ఇంటివాళ్ళెవరైనా వచ్చి చూసి చెప్పాలి అంది. తమ్ముడు మేస్త్రీలతో తలమునకలై ఉన్నాడు. నేను సెలవు పెట్టి వెళ్ళాను.

ఆవిడ గదిలో మా బొమ్మ చట్రంలోంచి తీసి బల్ల మీద పడుకోబెట్టి ఉంది. చూడగానే పరాయి ఇంటికి వచ్చాననిపించింది. సగం పైగా శుభ్రమైంది. ఆకాశం లేత నీలం, మధ్యలో తెల్లగా పక్షులు. ఇన్నేళ్ళూ అక్కడ పక్షులున్నాయని మాకెవరికీ తెలియదు. నీళ్ళు ఎర్రగా లేవు, బూడిదరంగులో పచ్చగా ఉన్నాయి. ఆ ఎరుపంతా పైన పూసిన పాత వార్నిష్ ముదిరినదీ, మా అమ్మ కొబ్బరినూనె పట్టినదీ అని ఆవిడ చెప్పింది. నాన్న వరద గోదారి దూదిఉండలతో తుడిస్తే పోయింది. నాకెందుకో చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

బస్తాలు కూడా లేవు. పడవ నిండా గడ్డి. ఇల్లంత ఎత్తున గడ్డిమోపులు పేర్చి, కింద అడ్డు రాకుండా తెరచాపని పైకి ఎత్తి కట్టారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. విక్టోరియా రాణి రోజుల్లో లండన్‌లో బళ్ళన్నీ గుర్రాలే లాగేవి, వాటికి మేత పల్లెల నుంచి ఇలాంటి పడవల్లో నది మీద వెళ్ళేది, తిరిగి వచ్చేటప్పుడు పొలాలకి గుర్రాల పేడ వచ్చేది. రాజుల నౌకల్ని పెద్ద పేరున్నవాళ్ళు వేస్తే, ఇలాంటి కూలి పడవల్ని రేవుల్లో తిరిగే చిత్రకారులు వేసేవారు. పడవ యజమాని ముచ్చటపడి తన పడవకి బొమ్మ వేయించుకుని ఇంట్లో పెట్టుకునేవాడు. అంటే వాడూ మా తాతగారి లాంటివాడే అన్నాను. ఆవిడ నవ్వింది. మూడు తరాలుగా మేము బియ్యపు పడవ అనుకుని హారతులిచ్చింది పేడ మోసే పడవకని తెలిస్తే నాన్న ఎంత నవ్వేవారో అనుకున్నాను, అనుకోగానే నవ్వు ఆగిపోయింది.

ఇంకొక మనిషి కూడా బయటపడ్డాడు. గడ్డిమోపుల మీద, అన్నిటికంటే ఎత్తున నిలబడి, చెయ్యి ముందుకి చాపి ఉన్నాడు. గడ్డి అంత ఎత్తుంటే చుక్కాని దగ్గర ఉన్నవాడికి ముందేముందో కనపడదట. అందుకని ఒకడు పైన నిలబడి దారి చెప్పాలట.

అప్పుడు ఆవిడ పడవ ముక్కు చూపించింది. చుట్టూ శుభ్రమైపోయి మధ్యలో మా అమ్మ బొట్టు ఒక్కటీ మిగిలి ఉంది. దీనికోసమే పిలిచానండి అంది. కుంకుమా నూనే కలిసి, పొర మీద పొర గట్టిపడి, కింద ఉన్న అసలు రంగుని పట్టి పైకి లాగుతోందట. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళలో పడవ ముక్కంతా పెచ్చులుగా రాలిపోతుందట. పోనీ సగం తీసి సగం ఉంచండి అన్నాను. అలా కుదరదని, తీస్తే మొత్తం తీయాలని చెప్పింది. నేను కొట్టులో బేరం ఆడినట్టు ఇంకా ఏదో అడిగాను. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ అదే చెప్పింది. బొట్టయినా ఉండాలి, పడవయినా ఉండాలి. తీసేవాళ్ళం మేమే గానీ తీయమని చెప్పేది మీరే అంది.

ఇది ఫోన్లో అడిగే మాట కాదు. తిన్నగా రామచంద్రపురం వెళ్ళాను. అమ్మ పెరట్లో పెసలు ఎండబోస్తోంది. అంతా చెప్పాను. గడ్డి సంగతి చెబితే, గడ్డి మాత్రం ఊరికే వస్తుందా, పశువులు తినొద్దూ అంది. పైన నిలబడ్డ మనిషి సంగతి చెప్తే చేతులు ఆపి విన్నది. ముందేముందో చెప్పే మనిషి ఉన్నాడన్నమాట అని నెమ్మదిగా అంది. చివరికి బొట్టు సంగతి చెప్పాను. ఉంచేద్దాం అమ్మా, పడవ రాలితే రాలనీ, మనం పోయాక గదా అని నేనే అన్నాను. అమ్మ పెసలు సర్దుతూనే ఉంది.

"పడవనే ఉంచమనమ్మా. మీ నాన్నగారు కూర్చున్న చోట ఉండాలి అది," అంది. "బొట్టు తియ్యడానికేముంది. నాది తీసినప్పుడు అందరూ చూస్తూనే ఉన్నారుగా."

అమ్మ చేతిలో పెసలు కొన్ని నేల మీద పడితే వంగి ఒక్కొక్కటే ఏరుకుంది. నేను బయటికి వచ్చి విశాఖపట్నం ఫోన్ చేసి, తీసేయండి అని చెప్పాను.

బొమ్మ తేవడానికి తమ్ముడితో పాటు నేనూ వెళ్ళాను. పని చాలా బాగా చేసిందావిడ. ముక్కు మీద కొత్త రంగు ఎక్కడ వేసిందో దగ్గరగా చూసినా తెలియదు. తీసిన కుంకుమ ఏం చేశారని అడిగాను. దూదికి అంటుకుని వచ్చిందండి, ఆ దూది పారేశాం అంది. అలాంటి ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ అడిగి ఉండరు. ఇక దీనికి నూనె రాయొద్దు, కుంకుమ అసలే తగలనివ్వొద్దు అని చెప్పి, చట్రానికి అద్దం కూడా బిగించి ఇచ్చింది.

కొత్త కొట్లో అదే గోడకి పెట్టాం. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. పాత రైతులొచ్చి, గడ్డే గదండీ, మేము అప్పుడే అన్నాం అన్నారు. దొర మొహం కనపడుతోంది, ఎర్రటి బుగ్గలు, గడ్డం. అమ్మని తీసుకొచ్చి చూపించాం. చాలాసేపు చూసింది. బాగుంది నాయనా అంది. దొరని చూసి అనలేదు, ముక్కుకేసి చూస్తూ అంది. అక్కడ ఏమీ లేదు, నున్నటి నల్ల చెక్క రంగు. ఏ ఏడు పెట్టిన బొట్టూ లేదు. అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చి ముత్తైదువుగా ఉన్న రోజులన్నిటికీ గుర్తు అదొక్కటే అయినట్టూ, దాన్ని మేమే దగ్గరుండి కడిగించినట్టూ నాకు అనిపించింది. ఆ రోజంతా నేను అన్నం తినలేదు.

సంవత్సరీకం దాటాక దసరా వచ్చింది. నేను పొద్దున్నే రాజమండ్రి నుంచి వచ్చాను. కొట్లో పనివాళ్ళందరూ స్నానాలు చేసి వచ్చారు. మా మరదలు పట్టుచీర కట్టుకుని పళ్ళెం తయారుచేసింది. మంచి పిల్ల. పడవ దగ్గరికి వచ్చేసరికి ఆగి, పళ్ళెం అమ్మ ముందుకి చాపింది.

"అత్తయ్యగారూ, దీనికి మాత్రం మీరే పెట్టండి. ఎవరేమనుకుంటే నాకేంటండి," అంది.

నేను అక్కడే ఉన్నాను. నా ఆనందం ఇంతా అంతా కాదు. పెట్టమ్మా అని అమ్మ మణికట్టు పట్టుకుని ముందుకి తోశాను కూడా. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది, కొంగు కింద దాచుకుంది. తప్పమ్మా, పసుపు కుంకుమలతో పచ్చగా ఉన్నదానివి, కొట్టు నీది, పడవ నీది, నువ్వు పెట్టు అని కోడలికి చెప్పింది. బలవంతపెట్టేసరికి మొహం చిన్నబోయింది. పండగ పూట నన్ను ఇబ్బంది పెట్టకండమ్మా అని గుమ్మం అవతలికి వెళ్ళి నిలబడింది. ఎవరూ వద్దనలేదు, ఆవిడే వద్దంది. అమ్మకి ఆ మాట అంత లోతుగా నూరిపోసినవాళ్ళ మీద నాకున్న కోపం ఈ జన్మకి తగ్గదు.

మరదలు బల్ల ఎక్కి అద్దం మీద, పడవ ముక్కు ఎక్కడుందో అక్కడ బొట్టు పెట్టింది. తమ్ముడు ఫొటో తీశాడు. హారతి అయింది, అందరికీ పులిహోర పంచారు. అద్దం కనక పని తేలిక, ఏ రోజు బొట్టు ఆ రోజే తుడిచేయొచ్చు. మధ్యాహ్నం భోజనాలకి వెళ్ళే ముందు మరదలు తడిగుడ్డతో తుడిచేసి, పొడిగుడ్డతో మళ్ళీ మెరిపించి వెళ్ళింది. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు, కుంకుమ ఉండనివ్వొద్దని విశాఖపట్నం ఆవిడే చెప్పింది.

ఇంట్లో విస్తళ్ళు వేశారు. అమ్మ కనపడలేదు. మా ఇల్లు కొట్టు వెనకే. నడవలోంచి వెళ్ళి చూశాను. షట్టరు సగం దించి ఉంది, ఏసీ ఆపేశారు, లోపల ఉక్కగా ఉంది. అమ్మ పడవ బొమ్మ ముందు బల్ల మీద నిలబడి ఉంది. ఎవరూ పట్టుకోకుండానే ఎక్కింది. ఆ వయసులో ఎలా ఎక్కిందో తెలియదు. పిలిస్తే తుళ్ళిపడి జారుతుందేమోనని నేను నడవలోనే ఆగిపోయాను.

అమ్మ ఉంగరపు వేలు చాపింది. చిటికెన వేలు పైకి ఎత్తిపట్టింది. పళ్ళెం లేదు, కుంకుమ లేదు. ఆ ఉత్త వేలిని అద్దం మీద, పాత బొట్టు ఉండే చోట ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. తరవాత ఆ వేలు కొంగుకి తుడుచుకుంది.

దిగబోతూ భుజం కోసం పక్కకి చెయ్యి చాపింది. అప్పుడు నేను కనపడ్డాను. అమ్మ మొహంలో భయం చూశాను. నా కన్నతల్లి, తన సొంత కొట్లో, నన్ను చూసి భయపడింది. గబగబా చెయ్యి నా ముందుకి చాపి, అరచెయ్యి తిప్పి, వేళ్ళు విడదీసి చూపించింది.

"ఏమీ పెట్టలేదమ్మా. చూడు, వేలికి ఏమీ లేదు," అంది.

నేను వెళ్ళి బల్ల పట్టుకున్నాను. నేను నమ్మలేదనుకుందేమో, రెండో చెయ్యి కూడా చాపి చూపించింది.